ముప్పై ఏడో నంబరు

ఇరవై మూడు రోజులుగా అతడు క్లాసుకి వెళ్లలేదు. జ్వరమా అంటే జ్వరం కాదు. పొద్దున్నే కాళ్లు నేల మీద పెట్టాలంటే ప్రాణం ఉసూరుమనేది. గదిలో మిగతా ఇద్దరూ హడావిడిగా తయారై వెళ్లిపోయాక హాస్టల్ మొత్తం నిశ్శబ్దమైపోయేది. గోడవైపు తిరిగి, పెచ్చులూడిన సున్నాన్ని గోటితో గిల్లుతూ మధ్యాహ్నం చేసేవాడు.

క్లాసులో పక్కన కూర్చునేవాణ్ని అందరూ బక్కోడు అంటారు. మనసు మంచిది. "నువ్వు పడుకోరా బాబూ. నీ అటెండెన్సు నాకొదిలెయ్. నీ గొంతు నీకన్నా బాగా పలుకుతా" అన్నాడు. అన్నట్టే రోజూ ఇతడి రోల్ నంబరు ముప్పై ఏడుకి పలికాడు.

కాలేజీవాళ్లు శనివారం శనివారం ఇంటికి హాజరు మెసేజ్ పెడతారు. బట్టలు కుట్టే నాన్న దాన్ని కొట్టుకి వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాడు ఇతడొక్కడే మరి. "ఏరా ప్రొఫెసరూ, ఒక్కరోజూ మానలేదంట! కాస్త జలుబైనా తెచ్చుకోరా, దిష్టి తగుల్తుంది" అని అక్క ఫోన్లో నవ్వేది. బాగాలేదక్కా అనే మాట నాలుక చివరిదాకా వచ్చి, ఆ నూటికి నూరు హాజరు దగ్గర ఆగిపోయేది.

ఇరవై నాలుగో రోజు, ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఇక లేవనేమోనని భయం వేసి, వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. ముందు వరసలో ఉన్న బక్కోడు ఇతణ్ని చూడలేదు.

"ముప్పై ఏడు" అని పిలిచారు మేడమ్.

ఇతడు నోరు తెరిచేలోగా ముందునుంచి, "ప్రెజెంట్ మేడమ్!"

టిక్కు పడిపోయింది. ఆవిడ ముప్పై ఎనిమిది పిలిచారు. తను ఉన్నా లేకపోయినా ఆ గదికి ఒకటే. వెళ్లిపోదామనే లేచాడు. లేచాక ఎలాగో నోరు పెగిలింది.

"మేడమ్, ముప్పై ఏడు నేను. పలికింది నేను కాదు. ఇరవై మూడు రోజులుగా రాలేదు."

క్లాసు గొల్లుమంది. "ఒరేయ్, చేసిన మేలుకి ఇదా?" అన్నాడు బక్కోడు, మొహం పాలిపోయి.

"మరి ఎక్కడున్నావు?" అని మేడమ్ అడిగారు.

"గదిలోనే మేడమ్. లేవలేకపోతున్నాను. నాకు బాగాలేదు."

నవ్వు ఆగిపోయింది. ఆవిడ అతడి బెంచీ దాకా వచ్చారు.

"ఇంట్లో తెలుసా?"

తల అడ్డంగా ఊపాడు.

"ఆ టిక్కులన్నీ తీసేస్తాను. శనివారం మీవాళ్లకి మెసేజ్ వెళ్తుంది. ఈలోగా నువ్వే చెప్పు. పద, పక్కనే ఉంటాను. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్దాం."

వరండాలో నిలబడి ఫోన్ చేశాడు.

"ఏంరా ఈ టైంలో? క్లాసులో లేవా?" అన్నాడు నాన్న.

"లేను నాన్నా" అని, తర్వాతి మాటకి ఊపిరి కూడదీసుకున్నాడు.