ఆయన చెయ్యి

ఆ ఏడు వేసవి సెలవుల్లో పెర్సిస్ టీచరుకి కత్తెర పిచ్చి పట్టుకుంది. అంటించింది తులసి టీచరు. ఇద్దరూ ఏలూరులో ఒకే స్కూల్లో పనిచేస్తారు. ఒకరోజు తులసి తన ఇంట్లో లావుపాటి పుస్తకం ఒకటి తీసి చూపించింది. లోపల ఫొటోలు, శుభలేఖల ముక్కలు, పిల్లాడి మొదటి ప్రోగ్రెస్ కార్డు, ఎండిన చేమంతి రేకులు, అన్నీ రంగు కాగితాల మీద ముచ్చటగా అతికించి, పక్కన రెండేసి మాటలు రాసి ఉన్నాయి. దాన్ని స్క్రాప్ బుక్ అంటారని తులసి చెప్పింది. పెర్సిస్ అది చూసి ఊరుకునే మనిషా? ఇంటికొస్తూనే దారిలో నల్ల అట్టల పుస్తకం, జిగురు సీసాలు, అంచుని రంపప్పళ్ళలా కోసే కత్తెర కొనుక్కొచ్చింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కాగితమై పుట్టిన దేనికీ రక్షణ లేకుండా పోయింది.

"ఏవండీ, మన పెళ్ళినాటి చర్చి కాగితం ఎక్కడ పెట్టారండీ?" అనేది భర్తతో.

"నన్ను అడిగితే ఏం లాభం? నా పాత టిక్కెట్ల కట్ట కూడా నీ పుస్తకంలోకే పోయింది. రేపు కాస్త ఆదమరిచి పడుకుంటే నన్నూ అతికించేస్తావేమో," అనేవాడు ఎలీషా. ఆయన ఆర్టీసీలో కండక్టరు. వేళాకోళం చేస్తూనే అటక మీది పెట్టెలు దించిపెట్టేవాడు.

పైకి సరదాలాగే కనిపించేది గానీ పెర్సిస్‌కి లోపల ఒక ఆకలి ఉండేది. పుస్తకం మొదటి పేజీలో బంగారు రంగు సిరాతో 'నాన్నగారు' అని రాసుకుంది. కింద ఏమీ అతికించలేదు. అతికించడానికి ఏమీ లేదు. ఆమె తండ్రి ఏలీయాది కొల్లేటి మధ్య లంక గ్రామం. కూలిపని చేసేవాడు, ఆదివారాలు పాస్టరుగారిని దోనె మీద ఊరూరికీ దాటించేవాడు. పెర్సిస్‌కి ఊహ తెలియకముందే కామెర్లొచ్చి పోయాడు. ఆ రోజుల్లో లంక గ్రామాల పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసేవాళ్ళు ఎక్కడివాళ్ళు? తండ్రి ముఖం ఎలా ఉంటుందో పెర్సిస్‌కి తెలియదు. తోటి టీచర్లు తమ తండ్రుల ఫొటోలకి దండలు మార్చడం చూసినప్పుడల్లా ఆమె చూపు తిప్పుకునేది. ఆ పేజీ అలా ఖాళీగా ఉంటే పుస్తకమంతా ఖాళీగా ఉన్నట్టే అనిపించేది.

ఆమెదే ఒక చిన్నప్పటి ఫొటో మాత్రం ఉంది. దుప్పటి కప్పిన పెద్ద కుర్చీలో కూర్చున్న ఏడాది పిల్ల. కెమెరా వైపు కాకుండా ఎటో పక్కకి చూస్తూ నోరంతా తెరిచి నవ్వుతోంది. కుర్చీ వెనక నుంచి ఎవరిదో చెయ్యి వచ్చి పిల్ల నడుం పట్టుకుని ఉంది. పిల్ల పడిపోకుండా పట్టుకున్న స్టూడియో కుర్రాడు కాబోలని పెర్సిస్ ఎప్పుడూ అనుకునేది. ఆ ఫొటో ఇన్నేళ్ళూ తల్లి జీవరత్నం గదిలో, యేసు ప్రభువు క్యాలెండరు పక్కనే వేలాడింది. పరీక్షకి వెళ్ళేటప్పుడు, ఉద్యోగంలో చేరిన రోజు, పెళ్ళికూతురై గుమ్మం దాటుతున్నప్పుడు, జీవరత్నం కూతుర్ని ఆ గోడ ముందు నిలబెట్టి ఒకే మాట అనేది. "భయపడకమ్మా. ఆయన చెయ్యి నీ మీద ఉంది." పెర్సిస్ క్యాలెండరుకేసి చూసి ఆమేన్ అనుకునేది.

ఆ శనివారం ఆమె ఫొటోని ఫ్రేములోంచి తీసి, పిల్ల వరకూ రంపప్పళ్ళ కత్తెరతో కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించింది. దుప్పటి, కుర్చీ కాళ్ళు, ఆ అడ్డంగా వచ్చిన చెయ్యి, అన్నీ పోయి పిల్ల ఒక్కతీ ముద్దుగా మిగిలింది. గులాబి రంగు కాగితం మీద అతికించి 'పెర్సిస్, మొదటి పుట్టినరోజు' అని రాసుకుంది. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదువుతూ సెలవుకి వచ్చిన కూతురు జాయ్సీ, ముక్కలన్నీ పోగుచేసి ఒక కవర్లో వేసుకుంది. ఫ్రెండ్స్‌కి ఏవో చేసిస్తానని చెప్పి, ఆ సాయంత్రమే బస్సెక్కి హాస్టల్‌కి వెళ్ళిపోయింది.

మర్నాడు చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక, పెర్సిస్ పుస్తకాన్ని తల్లి ఒళ్ళో పెట్టింది. జీవరత్నం దాన్ని అతుకుల పుస్తకం అనేది. ఒక్కో పేజీ తిప్పుతూ, మనవరాలి పాలపళ్ళ నవ్వుకి నవ్వుతూ, అల్లుడి టిక్కెట్లు చూసి తల ఊపుతూ, గులాబి పేజీ దగ్గరికొచ్చి ఆగిపోయింది. కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"మిగతాది ఏదమ్మా?"

"అక్కర్లేనిదంతా తీసేశానమ్మా. ఎవరో స్టూడియో కుర్రాడి చెయ్యి అడ్డంగా ఉంటేనూ."

"కుర్రాడు కాదే," అంది జీవరత్నం. "ఆయన."

"ఆయన ఎవరమ్మా?"

జీవరత్నం కూతుర్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "ఆయనంటే ఎవరే? మీ నాన్నగారు. నీకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను కదా, ఆయన చెయ్యి నీ మీద ఉందని."

పెర్సిస్ తల్లి గదిలో క్యాలెండరున్న గోడకేసి తిరిగింది. "నువ్వు ప్రభువు గురించి అంటున్నావనుకున్నానమ్మా," అంది.

"ప్రభువు చెయ్యి ఎలాగూ ఉంటుంది. నేను వేలు పెట్టి చూపించింది ఈ చేతిని."

జీవరత్నం తన జన్మలో ఎన్నడూ మొగుడి పేరు పలకలేదు. ఆమెకి ఆయనంటే ఒక్కడే. బడిలోనూ గుడిలోనూ పెరిగిన కూతురికి ఆయనంటే ఇంకొకడు. ఒకే గోడ ముందు నిలబడి తల్లీకూతుళ్ళు ఇద్దరు వేరువేరు ఆయనలని చూస్తూ వచ్చారు, అదీ ఇన్నేళ్ళు. వింటే నవ్వొచ్చే సంగతే. కానీ ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

పెర్సిస్ లేచి చెత్తబుట్ట వెతికింది, మంచం కింద వెతికింది. తర్వాత జాయ్సీ కవరు గుర్తొచ్చింది. హాస్టల్‌కి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. జీవరత్నం మాత్రం "పోన్లేమ్మా, తెలియక చేశావు," అంది. తిట్టినా బాగుండేది. ఆ మెత్తటి మాటకి పెర్సిస్ వంటింట్లోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఉన్న ఒక్కగానొక్క ఫొటోలో తండ్రిని తన చేత్తో తనే కత్తిరించి పారేసింది మరి.

సోమవారం పొద్దున్నే పెర్సిస్ తాడేపల్లిగూడెం బయల్దేరుతుంటే జీవరత్నం చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఎండలో మీరెందుకండీ అత్తయ్యగారూ, దొరికితే తను తెస్తుంది కదా," అన్నాడు ఎలీషా.

"దొరక్కపోతే, అది ఒక్కతీ తిరిగి రాగలదా బాబూ? అందుకే వెళ్తున్నానండి," అందామె.

ప్యాసింజరు రైలు దెందులూరు దాటాక, కిటికీలోంచి చేపల చెరువుల మీది గాలి తగిలాక, జీవరత్నం తనంతట తనే మొదలుపెట్టింది. "ఏలూరు కన్వెన్షన్ సభలకి వచ్చాం. పవర్‌పేటలో స్టూడియో కనబడగానే, పాపకి ఫొటో తీయిద్దాం అన్నారు. నువ్వేమో కుర్చీలో నిలిస్తేగా. జారిపోయి ఒకటే ఏడుపు. ఆయన వెళ్ళి కుర్చీ వెనకాల నక్కి కూర్చుని, చెయ్యి ఇటు పెట్టారు. ఆ చెయ్యి తగిలాక ఏడుపు మానేశావు. మీరూ కూర్చోండి, ముగ్గురికీ కలిపి తీయించుకుందాం అన్నాను. ఈసారికి పాపది, మళ్ళీ వచ్చినప్పుడు మనది అన్నారు."

ఆ మళ్ళీ ఎప్పుడూ రాలేదు. పెర్సిస్ తల్లి చేతిని తన ఒళ్ళోకి తీసుకుని కూర్చుంది.

హాస్టల్ వరండాలో బల్ల మీద వీళ్ళిద్దర్నీ చూసి జాయ్సీ కంగారుపడింది. "నాన్నకి బాగానే ఉందా?"

"బాగానే ఉన్నారు. నువ్వు తెచ్చిన ఫొటో ముక్కలు ఏవే?"

"అవా? పరీక్షలు కదా, అందరికీ బుక్‌మార్కులు చేసి పంచిపెట్టాను. ఎందుకమ్మా?"

పెర్సిస్ బల్ల మీంచి లేచి నిలబడింది. "అందులో ఒక చెయ్యి ఉండాలి," అంది.

"అదైతే ఎవరికీ ఇవ్వలేదు. నా బైబిల్లోనే పెట్టుకున్నాను."

లోపలికి పరిగెత్తి తీసుకొచ్చింది. తెల్లటి అట్టముక్క, పైన నీలం రిబ్బను. ఒక అంచు వెంబడే రంపప్పళ్ళ కోతతో బూడిదరంగు ఫొటో ముక్క. వెడల్పాటి చెయ్యి, దుప్పటి మడతల్లోంచి వచ్చి దేన్నో పట్టుకోబోతూ ఆగినట్టుంది. చిటికెన వేలు కొద్దిగా లోపలికి వంగి ఉంది. పెర్సిస్ అట్టముక్కని పట్టుకున్న తన వేళ్ళకేసి చూసుకుంది. బోర్డు మీద రాస్తుంటే పిల్లలు దొంగచాటుగా నవ్వుకునే వంకర చిటికెన వేలు ఆమెది కూడా. అది ఎక్కణ్ణించి వచ్చిందో ఇన్నాళ్ళకి తెలిసింది.

చేతి కింద జాయ్సీ గుండ్రటి అక్షరాలతో ఒక వాక్యం రాసుకుంది. జీవరత్నం బైబిలు చదివినట్టే కూడబలుక్కుని పైకి చదివింది. "ఆయన చెయ్యి నా మీద ఉంది."

"ఇది నీకెవరు చెప్పారే?"

"నువ్వే కదా అమ్మమ్మా, ఎప్పుడూ అంటావు. చెయ్యి బొమ్మ కనబడితే నీ మాట గుర్తొచ్చింది, రాశాను."

జీవరత్నం ఆ అట్టముక్కని కళ్ళకద్దుకుంది. తర్వాత మనవరాలి తల నిమిరి, "సరిగ్గానే రాశావు తల్లీ. మీ తాతయ్యే," అంది. జాయ్సీకి ఏమీ అర్థం కాలేదు. పెర్సిస్ కూతుర్ని దగ్గరికి లాక్కుని, మొదటి నుంచీ చెప్పుకొచ్చింది.

సాయంత్రం ఏలూరులో, పెర్సిస్ గులాబి పేజీ నుంచి కోడిగుడ్డు ఫొటోని తడిగుడ్డతో మెల్లిగా లేవదీసి, మొదటి పేజీలో 'నాన్నగారు' కింద పెట్టింది. పక్కనే జాయ్సీ అట్టముక్కని, రిబ్బనుతో రాతతో సహా, జరిపింది. కత్తెర పళ్ళు కదా, ఒకదాని అంచు ఇంకోదాని అంచులో సరిగ్గా కూర్చుంది. అతుకు తెలుస్తూనే ఉంది. చెయ్యి మాత్రం మళ్ళీ పిల్ల నడుం పట్టుకుంది.

పెర్సిస్ కలం తీసి, 'నేనూ, మా నాన్నగారూ' అని రాసింది.

పక్కన కూర్చున్న జీవరత్నం చదివి, "ఇద్దరే కాదే," అంది. "పిల్ల ఎటు చూసి నవ్వుతోందో చూడు."

"ఎటు చూస్తున్నానమ్మా? నాకూ ఎప్పుడూ తెలియలేదు."

"నేను కెమెరా పక్కన నిలబడి చప్పట్లు కొడుతున్నాను. నువ్వు చూస్తున్నది నన్నే."

పెర్సిస్ ఫొటోలోని పిల్ల కళ్ళకేసి చూసింది, తర్వాత పక్కకి తిరిగి తల్లి ముఖంలోకి చూసింది. రాసింది కొట్టేసి, కింద 'మేం ముగ్గురం' అని రాసింది.