చలిగా ఉందా

రేపు నా పొట్ట కోస్తారనగా ఇవాళ ఇల్లంతా తుడిచాను. స్టవ్ గట్టు తోమాను, దిండు గలీబులు మార్చాను. ఎవరైనా ఇంటికొస్తున్నారంటే ముందురోజు నేను చేసే పనే ఇది. పెద్దపేగులో గడ్డ తీయడానికి డాక్టరుగారు ఏకంగా నా లోపలికే వస్తున్నారు కదా, ఆ గుమ్మం మాత్రం శుభ్రంగా ఉండొద్దూ అనిపించి, మా ఆయన రేజరు తీసుకుని పొట్టమీది నూగు కూడా గీసేశాను. మూడుచోట్ల తెగింది. రోజూ కూరలు తరిగే చేతులకి అదో లెక్కా.

మర్నాడు ఆస్పత్రిలో నర్సమ్మ చూసి తల పట్టుకుంది.

"ఎవరు గీసుకోమన్నారమ్మా? ఈ గాట్లలో క్రిములు చేరతాయి. అసలే పేగు ఆపరేషను, లోపల వాటి సంతే ఉంటుంది. కుట్టు చీముపడితే మళ్ళీ తెరవాలి. అవసరమైతే మేమే మిషనుతో తీస్తాం. కాయితంలో రాశాం, చదవలేదా?"

కాయితం మా ఆయన దగ్గరుంది. ముఖ్యమైన కాయితాలన్నీ ఆయన దగ్గరే ఉంటాయి.

ఆపరేషను వారం వాయిదా పడింది. "డిగ్రీ చదివావు, ఆ మాత్రం తెలీదా?" అన్నాడాయన, మొద్దుబారిన రేజరుని వెలుతురులో తిప్పి చూసుకుంటూ. "పోన్లే, ఈ వారంలో నాలుగు రకాలు వండి ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చు," అంది అత్తయ్య.

వారం తర్వాత, థియేటరు బయట గదిలో, అదే నర్సమ్మ నామీద ఒక కాయితం దుప్పటి కప్పి, దాంట్లోకి గొట్టంతో వెచ్చటి గాలి వదిలింది. దుప్పటి మెల్లగా పొంగింది. "చలిగా ఉందా అమ్మా?" అంది. ఆ మాట కాసేపు గదిలో తేలుతూ ఉండిపోయింది. నన్నేనా అడిగింది? ఇరవై రెండేళ్లుగా మా పడగ్గదిలో ఫ్యాను ఎంత తిరగాలో ఆయన ఒళ్ళు చెబుతుంది, నా ఒళ్ళు వింటుంది. ఒళ్ళు చల్లబడితే గాయం చీముపట్టే ప్రమాదం ఎక్కువట, అందుకే వెచ్చగా ఉంచుతారట. అంటే ఇది ప్రేమ కాదు, పద్ధతి. అయితేనేం. మా ఇంట్లో ప్రేమకేం లోటు లేదని అందరూ అంటారు, లేనిదల్లా పద్ధతే. మత్తు ఎక్కి మంచం తేలినట్టయింది. ఎక్కడో కింద, అగ్గిపెట్టెంత వంటింట్లో పాలు పొంగుతున్నాయి. ఎవరో వెళ్ళి స్టవ్ కట్టేశారు. నేను కాదు. నేను ఇంకా పైకి పోతున్నాను.

ఇంటికొచ్చిన మూడోరోజు ఆయన బండి దిగి నేరుగా వచ్చి, "ఎలా మానిందో చూద్దాం," అంటూ కట్టు అంచు పైకెత్తి, వేలితో కుట్టుని తడిమాడు. "చేతులు..." అన్నాను. "నేనేమన్నా పరాయివాణ్ణా?" అన్నాడు. అలా తడిమిన రెండోరోజుకి కుట్టు చుట్టూ ఎర్రబడింది. మళ్ళీ తెరుస్తారేమోనని ఆటోలో దారంతా పొట్టమీద కొంగు పట్టుకుని కూర్చున్నాను.

"ముందే వచ్చావు, బతికించావు. మందులతో తగ్గుతుంది," అంది నర్సమ్మ. జాగ్రత్తల కాయితం ఇంకోటి అడిగి ఆవిడ చేత్తోనే రాయించుకున్నాను. ఈసారి నా చేతికి.

ఇంటికొచ్చి దాన్ని పడగ్గది తలుపుకి అంటించాను. సబ్బుతో చేతులు కడుక్కోనిదే ముట్టకూడదు. ఆరువారాలు బరువులెత్తకూడదు. ఎర్రబడినా, జ్వరమొచ్చినా వెంటనే రావాలి. అడుగున ఖాళీ ఉంటే నర్సమ్మ గుండ్రటి రాతలాగే దిద్ది ఇంకో ముక్క నేనే చేర్చాను: రోగిని రోజుకి రెండుసార్లు చలిగా ఉందా అని అడగాలి. దీనికి మాత్రం గడువు రాయలేదు.

మా ఆయన ఆఫీసులో నోటీసుబోర్డుని చివరి సంతకం దాకా చదివే మనిషి. అచ్చులోనో, ఆస్పత్రి రాతలోనో ఉంటే చాలు, కాదనడు.

ఆ మధ్యాహ్నం ఎండ పేలిపోతోంది. సబ్బు వాసనేసే తడిచేతులతో తలుపు దగ్గర ఆగాడు. కాయితం మీద వేలు పెట్టి ఆ ముక్క ఇంకోసారి చదువుకున్నాడు.

"చలిగా ఉందా?"

నా నుదుటిమీంచి చెమట చెవిలోకి జారుతోంది.

"ఉందండీ," అన్నాను. "పెళ్ళయినప్పట్నించీ."