పొయ్యి బూడిదలో దవడ

తవ్వకాల దగ్గర ఎముకలేరే ఆవిడ మన పూర్వులు ఇశ్రాయేలీయులు కారు, వాళ్ళకి శత్రువులైన కనానీయులంటోందనీ, ఇహ ఆవిణ్ణి ఊళ్ళో ఎవరు బతకనిస్తారనీ ఊరావిడ మజాల్, కొట్లో రొట్టె కొంటూ అన్నదట. పక్కింటి యాఫా ఆ మాట మోసుకొచ్చి ఆ ఎముకలావిడ తిర్సా గుమ్మంలోనే దింపి, తన పేరు బయటికి రానీయొద్దని మరీ వెళ్ళింది.

తిర్సా ఆ మాట ఎన్నడూ అనలేదు. అయినా మర్నాటికి ఆమె కారు టైర్లు రెండు చీరేసి ఉన్నాయి. అప్పట్నించీ తాళం తిప్పేముందు, ఎవరైనా ఏమైనా పెట్టారేమోనని వంగి కారు కింద చూసుకుంటోంది. ఈ ఉదయం ఆరేళ్ళ కూతురు కూడా తల్లిలాగే వంగి చూసింది.

ఇంత గొడవకీ మూలం అరచేతిలో పట్టే పంది దవడ. మూడు వేల ఏళ్ళు దాటిన ఇంట్లో, పొయ్యి బూడిదలో దొరికింది. ఇన్నాళ్ళూ అక్కడ పందిబొమిక ఒక్కటీ దొరకలేదు కాబట్టి అది పంది ముట్టని ఇశ్రాయేలీయుల ఇల్లేనని, తవ్వకాలు నడిపే ప్రొఫెసర్ ఎల్కానా వాదన. గురువారం అక్కడ ఆ పేరుతో రాతి పలక నిలబెడుతున్నారు. కాదు, పల్లం నుంచి కొండెక్కిన కనానీయులేనని తోటి పరిశోధకుడు నహ్షోన్ ఇరవై ఏళ్ళుగా ఆయన్ని వదలడం లేదు.

మధ్యాహ్నం కడిగిన కుండపెంకులు ఆరబెట్టే బల్ల చుట్టూ అందరూ చేరారు. తిర్సా బుట్టకి కట్టిన చీటీలో దొరికిన చోటు చదివి, దవడ బల్లమీద పెట్టింది.

"అయితే కనానీయులేగా, ఎల్కానా? పలక మీద పంది బొమ్మ కూడా వేయించు," అన్నాడు నహ్షోన్.

ఎల్కానా అతని వంక చూడలేదు. "పై పొరలోంచి జారిందని రాయమ్మా," అన్నాడు తిర్సాతో మెల్లగా. "నీకు చిన్నపిల్ల ఉంది. నీ మంచికే చెబుతున్నా."

తిర్సా కళ్ళముందు కారు కింద వంగిన పిల్ల. కలం తీసి, నమోదు పుస్తకంలో 'పొయ్యి బూడిద' అని దొరికిన చోటే రాసింది. పుస్తకం ఇద్దరి మధ్యకీ జరిపింది.

"పొయ్యి మీద కూలిన కప్పు మట్టి ఎక్కడా పగల్లేదు, పైనుంచి ఏదీ జారే దారి లేదు; ఆ మట్టి తీయించింది మీరే, ప్రొఫెసర్. దవడ మీద కత్తిగాట్లున్నాయి, వండుకు తిన్నారు. తిన్నవాళ్ళ పేరు మాత్రం నాకు తెలీదు. మీ ఇద్దరికీ ఎవరు చెప్పారు?"