అత్తయ్య పట్టి ఉంచిన స్వరం

చర్చి సంగీతం కోర్సు చివరి పరీక్షలో నన్ను భయపెట్టింది ఆర్గన్ కాదు, స్వరలిపి కాదు, కాళ్ళతో నొక్కే పెడళ్ళు కూడా కాదు. మూడో వరుసలో నిలబడి పాడే మా అత్తగారి గొంతు.

ఆ గొంతు సంగతి ముందే చెప్పాలి. మంచి గొంతే, గట్టి గొంతు కూడా. చిక్కంతా లైను చివర వస్తుంది. అందరూ ఆపే చోట ఆవిడ ఆపరు. చివరి స్వరాన్ని పట్టుకుని, కళ్ళు మూసుకుని సాగదీస్తూనే ఉంటారు. ఆవిడ వదిలేదాకా చర్చిలో ఎవరూ తర్వాతి లైను ఎత్తుకోరు. పిల్లలు ఆవలిస్తారు. పాస్టరుగారు గోడ గడియారం వైపు చూసీ చూడనట్టు చూస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేదో ఈ సంఘానికే ఉన్న ప్రత్యేకమైన భక్తి అనుకుంటారు. పాతవాళ్ళు ఏమనుకుంటారో తెలియదు, ఎందుకంటే ఆవిడతో ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. ఆవిడ ఆ చర్చి ఆర్గనిస్టు భార్య.

ఆర్గనిస్టు అంటే మా మావగారే. తన పెళ్ళయిన కొత్త నుంచీ అక్కడ ఆయనే వాయించారు. ఈమధ్య కీళ్ళవాతంతో వేళ్ళు బిగుసుకుపోయి, చొక్కా గుండీలు పెట్టుకోవడమే గండంగా మారింది. ఆయన తర్వాత ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఇంట్లో వాయించడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే తేలాను. మా ఆయనకు చప్పట్లు కూడా తాళంలో కొట్టడం రాదు, పైగా ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటారు. సంఘం పెద్దలు మాత్రం ఆర్గనిస్టుగారి కోడలైనా సరే, సంగీత పాఠశాలలో చదివి పాసైతేనే ఆ బెంచీ మీద కూర్చోనిస్తామన్నారు. అలా ఒక బిడ్డ తల్లినయ్యాక మళ్ళీ పుస్తకాల సంచీ తగిలించుకున్నాను.

చదువు నాకు నచ్చింది, దాచుకోవడం దేనికి? ఆరాధనలో ఏ ఘట్టానికి ఎలాంటి పాట నప్పుతుందో, ప్రార్థనకూ వాక్యం చదవడానికీ మధ్య ఎంత మెత్తగా వాయించాలో, గాయక బృందంలో పోట్లాడుకునే గొంతులను ఎలా ఒక దారికి తేవాలో నేర్చుకున్నాను. పెడళ్ళ సాధన భోజనాల బల్ల కింద చేసేదాన్ని. ఎదురుగా కూర్చున్న మా ఆయన కాళ్ళు ఆ కోర్సును నాకంటే బాగా గుర్తుపెట్టుకున్నాయి. ఇంటిపని మొత్తం అత్తయ్య తన మీద వేసుకున్నారు. నా క్యారేజీ కట్టడం, మా పాపకు జడ వెయ్యడం, బట్టలు ఇస్త్రీకి ఇవ్వడం, అన్నీ ఆవిడే. ఏ రోజూ ముఖం ముడుచుకోలేదు. నేను చదవగలిగింది ఆవిడ పుణ్యమే.

పాటకు తోడు వాయించడం నేర్పే మేడంని మేం చాటున గడియారం అని పిలిచేవాళ్ళం. ఆవిడ మొదటి రోజే ఒక సూత్రం చెప్పారు. జనం పాడేది మన చెవికి చేరేసరికి ఎప్పుడూ కాస్త ఆలస్యమవుతుంది. చెవిని నమ్మి వాళ్ళ కోసం ఆగితే వాళ్ళు ఇంకా ఆగుతారు, పాట అక్కడికక్కడే కూలబడుతుంది. అందుకని లైను చివర మనమూ వాళ్ళతో పాటు ఒక్క ఊపిరి తీసుకుని ముందుకు వెళ్ళిపోవాలి. జనం వాళ్ళంతట వాళ్ళే వెంట వస్తారు.

పాఠశాలలో ఇది బ్రహ్మాండంగా చేశాను. పరీక్ష మాత్రం మా చర్చిలో, ఆదివారం ఆరాధన మధ్యలో పెట్టారు. మేడం వెనక వరుసలో కూర్చున్నారు. మొదటి లైను చివర అత్తయ్య స్వరం పట్టారు, నేను ఆగాను. రెండో లైనుకూ ఆగాను. ఆవిడ వదలకముందే ముందుకు వెళ్ళడానికి నాకు చేతులాడలేదు. ఆఖరి చరణానికి సంఘంలో సగంమంది నోళ్ళు మూసుకున్నారు.

ఆరాధన అయ్యాక మేడం నన్ను పక్కకు పిలిచారు. "నువ్వు పాడించలేదమ్మా, మోశావు," అన్నారు. "ఇంకొక్కసారి వస్తాను. అప్పుడూ ఇలాగే అయితే, వేరే మనిషిని చూసుకోమని మీ పెద్దలకు నేనే చెప్పాల్సి వస్తుంది."

వేరే మనిషి. మావయ్య కూర్చున్న బెంచీ మీద ముక్కూ ముఖం తెలియని మనిషి.

మా ఆయనను అడిగాను, మీ అమ్మకు మీరే నెమ్మదిగా చెప్పండని. నన్ను ఇందులోకి లాగకు అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. మావయ్యను అడిగాను. ఆయన తను ఎప్పుడూ ఆవిడ వదిలేదాకా ఆగానని, ఇకముందు ఎలా చెయ్యాలో నా ఇష్టమని అన్నారు. ఆగమన్నారో వద్దన్నారో అర్థం కాలేదు. చివరికి ఒక సాయంత్రం దుప్పట్లు మడతపెడుతుంటే అత్తయ్య దగ్గరే మొదలుపెట్టాను. పాటల గురించి ఒక మాట, అన్నాను. ఏంటని ఆవిడ ఆప్యాయంగా నా వైపు తిరిగారు. అంతే, నీళ్ళు నమిలి, ఆ అంచు ఇటివ్వండి అత్తయ్యా అన్నాను.

రెండో పరీక్ష రోజు వచ్చింది. ఆర్గన్ మీద చిన్న అద్దం ఉంటుంది, వీపు తిప్పి కూర్చున్న మనకు వెనక ఏం జరుగుతోందో కనబడాలని. అందులో మూడో వరుస స్పష్టంగా కనిపిస్తోంది. అత్తయ్య, ఆ పక్కన ముందు బెంచీ అంచు మీద ఉత్తినే వేళ్ళు ఆడిస్తున్న మావయ్య. ఆయన పాడరు. ఏనాడూ పాడలేదు.

మొదటి లైను అయింది. అత్తయ్య స్వరం పట్టారు. నేను ఒక్క ఊపిరి తీసుకుని వెళ్ళిపోయాను.

సంఘం తడబడి, పరుగున వచ్చి నన్ను అందుకుంది. అత్తయ్య గొంతు ఒక్కటే వెనక మిగిలిపోయింది. నడివీధిలో చెయ్యి వదిలేసిన మనిషిలా చటుక్కున కళ్ళు తెరిచారు. ముందు వరుసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. రెండో లైను చివర కూడా అలాగే వెళ్ళిపోయాను. ఆవిడ నోరు మూసుకున్నారు. పాటల పుస్తకం దించేశారు. ఇంట్లో నాకు ఇక నీళ్ళు పుట్టవనుకున్నాను. అయినా చేతులు ఆపలేదు. ఇప్పుడు ఆగితే ఆవిడను బాధపెట్టిందంతా వృథా, బెంచీ కూడా దక్కదు.

రెండో చరణంలో ఆవిడ పాడలేదు. మూడో చరణంలో అద్దంలోకి చూస్తే పెదవులు కదులుతున్నాయి. గొంతు మాత్రం విడిగా వినబడలేదు, అందరిలో కలిసిపోయింది. ఆ చర్చిలో పాట అంత చురుగ్గా నడవడం నేను ఎన్నడూ వినలేదు. మేడం వెళ్ళబోతూ నా భుజం తట్టి, పాసయ్యావు, వెళ్ళి హాయిగా భోంచెయ్ అన్నారు. హాయి సంగతి ఆవిడకేం తెలుసు?

దారి పొడుగునా అత్తయ్య మా పాప చెయ్యి పట్టుకుని ముందు నడిచారు. ఇంటికి రాగానే నేను చీర కూడా మార్చుకోకుండా వంటింట్లో దూరి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను. ఏడ్చినా ఎవరూ కారణం అడగరని. కాసేపటికి ఆవిడ వచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు. క్షమించమని అడగబోతుంటే ఆవిడే అందుకున్నారు.

"ఇవాళ ఆఖరి చరణం కూడా పాడాను," అన్నారు. "ఎప్పుడూ అక్కడిదాకా రాలేను. మూడో చరణానికే కళ్ళు బైర్లు కమ్ముతాయి. ముందు బెంచీ పట్టుకుని నిలబడతాను."

నాకు అర్థం కాలేదు. మరి అంత కష్టమైతే ఇన్నేళ్ళూ ఎందుకలా సాగదీశారు అత్తయ్యా అని అడిగేశాను.

"నేనెక్కడ సాగదీశాను? మీ మావయ్య మీట మీంచి వేలు తియ్యందే నేనెలా ఆపను? మధ్యలో ఆపేస్తే ఆయన ఒక్కరే మిగిలిపోరూ అందరి ముందూ? తప్పు వాయించారనుకోరూ?" ఆవిడ ఒక ఉల్లిపాయ తీసుకుని పొట్టు వలవసాగారు. "మొన్న నువ్వూ అలాగే పట్టుకున్నావు. ఆయనే నేర్పారు కాబోలు అనుకున్నాను. ఇక చచ్చేదాకా ఇంతేనని గుండె దిటవు చేసుకున్నాను."

గుమ్మంలో చప్పుడైంది. మావయ్య మంచినీళ్ళ కోసం వచ్చినట్టున్నారు, చేతిలో ఖాళీ గ్లాసు ఉంది.

"నేను నీ కోసం ఆగేవాణ్ణి," అన్నారు ఆయన, చాలా నెమ్మదిగా. "నీకు అలా పాడటం ఇష్టమనుకున్నాను."

"నాకా?"

"పెడల్ మీద కాలు తిమ్మిరెక్కిపోయేది."

అత్తయ్య ఆయన వైపు చూశారు. ఆయన అత్తయ్య వైపు చూశారు. ముందు ఎవరు నవ్వారో చెప్పలేను గాని, అత్తయ్య పీట మీద కూర్చోలేక గోడకు ఆనుకున్నారు. మావయ్య గ్లాసు కింద పెట్టి గుమ్మం పట్టుకున్నారు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. గుండెల మీద ఇన్నాళ్ళూ మోసిన బండ దిగిపోయింది, అదొక్కటి తెలిసింది. ఏమైందేమైందంటూ మా ఆయన పరుగెత్తుకొచ్చారు. ఎవరూ చెప్పే స్థితిలో లేక ఆయన ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయారు.

కొంగుతో కళ్ళు తుడుచుకుని అత్తయ్య నా గడ్డం పట్టుకున్నారు. వచ్చే ఆదివారం కూడా నా కోసం ఆగకు, ఇవాళ్టిలాగే వెళ్ళిపో అన్నారు. సరేనన్నాను.

మావయ్య ఇంకా గుమ్మంలోనే ఉన్నారు. పెళ్ళయినప్పటి నుంచీ మొన్నమొన్నటిదాకా ఆరాధనలో ఆవిడకు వీపు చూపించే కూర్చున్న మనిషి. ఏదో అడగాలని మొహమాటపడుతున్నారని ముఖం చూస్తే తెలిసిపోయింది.

"నీ పక్కన నిలబడి నేనూ పాడనా ఇకనుంచి?" అన్నారు.

"పాడండి, ఎవరొద్దన్నారు," అన్నారు అత్తయ్య ఉల్లిపాయ మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. "లైను చివర మాత్రం ఆపండి."