నెవెన పెద్దరికం

కొండల మీద మంచు కరిగి కొంగలు తిరిగొచ్చే రోజులు. ఈస్టర్ ఉపవాసాలకు ముందు వచ్చే క్షమాపణల ఆదివారం అది. ఆ రోజు బల్గేరియా పల్లెల్లో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, చెయ్యి ముద్దుపెట్టుకుని, ఏడాది పొడుగునా చేసిన తప్పులకు మన్నించమంటారు. తేలికైన మనసుతో వసంతంలోకి అడుగుపెట్టాలని అందరి ఆశ. పెద్దవాళ్ళు 'మన్నించాను' అంటారు. మంచి మనసున్నవాళ్ళయితే 'నన్నూ మన్నించు' అని కలుపుతారు. కలపకపోయినా అదేమిటని నిలదీసేవాళ్ళు లేరు.

డెబ్బై రెండేళ్ళ నెవెన మూడేళ్ళుగా ఆ వెసులుబాటు చాటునే బతుకుతోంది.

మూడేళ్ళ కిందట తల్లికి ఆయాసం వచ్చిన సాయంత్రం, డాక్టరు కోసం బండి కడతానన్నాడు తమ్ముడు డోబ్రి. "ఈ మంచులో ఎక్కడికి పోతావు, పొద్దున చూద్దాంలే" అని ఆపింది నెవెనే. తెల్లారేసరికి తల్లి లేదు. పోయినవాళ్ళ పేరిట నలభయ్యో రోజు పెట్టే భోజనాల దగ్గర, ఊరంతా వింటుండగా, "నువ్వు డాక్టర్ని తెచ్చుంటే అమ్మ బతికేది" అని తమ్ముణ్ణి అనేసింది. నింద తన మీదికొస్తుందన్న భయమే ఆమె చేత అలా అనిపించింది. డోబ్రి చెంచా కిందపెట్టి లేచి వెళ్ళిపోయాడు. అసలు సంగతి ఒక్కరికీ చెప్పలేదు. మళ్ళీ ఆమె గడప తొక్కలేదు.

తప్పు తనదేనని నెవెనకు తెలుసు. కానీ చిన్నవాడి గుమ్మంలోకి పెద్దది వెళ్ళడమేమిటి? వాడే వస్తాడు, రాగానే చెప్పేస్తాను అనుకుంటూ ఏటా ఆ రోజు జున్ను రొట్టె కాల్చి ఎదురుచూసింది. రెండేళ్ళు ఎదురుచూపే మిగిలింది.

ఈసారి డోబ్రి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నెవెన కొడుకు, కోడలు, మనవలు గోడ వెంబడి సర్దుకుని నిలుచున్నారు.

"ఏదైనా తప్పు చేసుంటే మన్నించక్కా" అంటూ వంగి ఆమె చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు.

"మన్నించానురా."

అతను చెయ్యి వదల్లేదు. ఆమె మొహంలోకే చూస్తూ ఉన్నాడు. ఎందుకు చూస్తున్నాడో ఆమెకు తెలియదా? మాట నాలుక చివరిదాకా వచ్చింది. గోడ వెంబడి ఇంటిల్లిపాదీ చూస్తున్నారు.

"రొట్టె చల్లారిపోతోంది, కూర్చో" అంది.

డోబ్రి మెల్లగా చెయ్యి వదిలి కూర్చున్నాడు. రెండు ముక్కలు తిన్నాడు.

"అచ్చం అమ్మ చేసినట్టే ఉందక్కా."

"అమ్మ ఉప్పెక్కువేసేది కదరా."

"అదే చెప్తున్నా."

అందరూ నవ్వారు. నెవెన కూడా నవ్వింది. ఆ నవ్వుల మధ్య చెప్పేసి ఉండొచ్చు, ఎంత తేలిగ్గా అయిపోయేదో. చెప్పలేదు. డోబ్రి లేచి, పిల్లల తలలు నిమిరి, టోపీ పెట్టుకుని బయల్దేరాడు.

కోడలు రాలిత్స పళ్ళేలు తీస్తూ, "డాక్టరు విషయం మన్నించేశారు, ఎంత మంచి పని చేశారత్తయ్యా" అంది. "ఊళ్ళో ఇప్పటికీ ఆయన్నే అంటారు, తల్లిని చేజేతులా పోగొట్టుకున్నాడని. మీది పెద్ద మనసు."

నెవెన గబగబా గేటు దాకా వెళ్ళింది.

"డోబ్రీ."

అతను మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "ఏంటక్కా?"

"దారి జారుగా ఉంది. చూసుకుని వెళ్ళు."

ఇంకేమైనా అంటుందేమోనని అతను అక్కడే నిలబడ్డాడు. చివరికి "సరే అక్కా" అని మలుపు తిరిగిపోయాడు.

నెవెన గేటు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. రాలిత్స పరుగెత్తుకొచ్చి భుజం నిమిరింది. "ఊరుకోండత్తయ్యా, ఇన్నాళ్ళకు తమ్ముడొచ్చాడు, సంతోషంలో కన్నీళ్ళు రావూ మరి" అంది.

నెవెన అది కూడా కాదనలేదు.