ముందు గుమ్మం

నీళ్ళు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించగానే గుప్పున లేచిన ఆవిరి పిన్ని ముఖానికి కొట్టింది. గదిలో గాలి లేదు. పొద్దున్నే ఎవరో నిచ్చెన వేసుకుని ఇస్త్రీ గదిలోని ఫ్యాన్లన్నీ ఊడదీసుకుపోయారు. ముందు హాల్లో సభ. కార్మికులను కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నందుకు యజమానికి సన్మానం. వచ్చే అతిథులకు చెమట పట్టకూడదు.

పిన్ని అన్నది ఈ బట్టల ఫ్యాక్టరీలో అందరూ పెట్టిన పేరు. నిలబడీ నిలబడీ ఆమె పిక్కలమీద నరాలు ముడులు కట్టాయి. ముంజేతులనిండా కాలిన మచ్చలు. భర్త పోయాక ఈ పనితోనే కొడుకును పెంచింది, పెళ్ళి చేసింది. అదే గదిలో, గుండీలు కుట్టే మిషన్ దగ్గర కోడలిని తానే చేర్పించింది. ఇంట్లో ఇద్దరూ ఉప్పూ నిప్పూ. ఇక్కడ మాత్రం ఒకే గిన్నెలో తింటారు.

"ఫ్యాన్లు ఎప్పుడు పెడతారయ్యా?" అని సూపర్‌వైజర్ని అడిగింది.

"ఒక్క పూటే కదా పిన్నీ, కాస్త ఓర్చుకో."

"ఓర్చుకునేది మేము, దండలు వేయించుకునేది ఆయనా?"

బల్లల వెంట నవ్వులు పాకాయి. అతను నవ్వలేదు. అతిథులున్నంతసేపూ ఎవరూ బయట తిరగకూడదని తలుపుకు లోపలినుంచి తాళం వేయించి, చెవి జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నానికి రేకుల కప్పు కింద గది పొయ్యిలా కాగింది. ఎడమచెయ్యి లాగేస్తోందని, కాసేపు బయట కూర్చుంటానని పిన్ని అడిగింది.

"సార్ ప్రసంగం అయిపోనీ," అన్నాడు సూపర్‌వైజర్. తన ఉద్యోగం ఎక్కడ పోతుందోనని అతని భయం.

కూర్చుంటే పని సాగదని స్టూళ్ళు ఎప్పుడో తీసేశారు. ఆమె కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, గోడకు చేరగిలబడి నేలమీద కూలబడింది. మైకులో యజమాని గొంతు వినిపిస్తోంది: "మీరంతా నా కుటుంబం." చప్పట్లు మోగాయి.

కోడలు గ్లాసుతో వచ్చి, "అత్తయ్యా, కాసిని నీళ్ళు తాగు," అంటూ భుజం తట్టింది. పిన్ని తల పక్కకు వాలిపోయింది.

"వెనక గేటు తీయిస్తాను. ముందు పెద్దవాళ్ళున్నారు," సూపర్‌వైజర్ గొంతు తగ్గించి అన్నాడు.

కోడలు లేచి అతని ఎదుట నిలబడింది. "ఊపిరాడట్లేదంటే తీయని తలుపు, ప్రాణం పోయాక తీస్తావా? ముందు గుమ్మంలోంచే తీసుకెళ్తాం. తాళం ఇటివ్వు."

మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అతను తాళంచెవి ఇచ్చేశాడు. ఆడవాళ్ళు పిన్నిని ఎత్తుకుని హాల్లోంచి నడిచారు. వేలాడుతున్న ఆమె చెయ్యి ముందు వరుస కుర్చీలను రాసుకుంటూ పోయింది. యజమాని మాట మధ్యలో ఆగాడు. "ఎవరావిడ?" అని పక్కవాణ్ణి అడగడం మైకులో అందరికీ వినపడింది.

ఖాళీ అయిన ఇస్త్రీ గదిలో, బల్లమీద, పిన్ని కళ్ళజోడు ఉంది. అద్దాలమీద చెమట చారలు కట్టింది.