కిటికీలోంచి మొదటి గరిటె

సిర్కా పచ్చబొట్టు కోసం జనవరిలోనే పేరు రాయించుకుంది. కువొపియో పట్నంలో సైమి చేత వేయించుకోవాలంటే నాలుగు నెలలు ఆగక తప్పదు. అరవై రెండేళ్లు ఒంటి మీద గీత పడకుండా బతికిన మనిషికి నాలుగు నెలలు ఒక లెక్కలోకి రావు.

భర్త తైస్తోకి మాత్రం చెప్పలేదు. అతను రెండు వేసవులుగా సరస్సు ఒడ్డున కొత్త సౌనా, అంటే ఆవిరి స్నానాల గది, కడుతున్నాడు. దుంగలు తనే చెక్కాడు, బల్లలు తనే బిగించాడు. నడివేసవి పండుగ సాయంత్రం దాన్ని మొదటిసారి వేడి చేయాలి. కాలిన రాళ్ల మీద మొదటి గరిటె నీళ్లు సిర్కా పోయాలి. పునాది వేసిన రోజే ఇద్దరూ అనుకున్న మాట అది. అందుకే ఆమె కుడి ముంజేతి మీద బర్చ్ చెట్టు కొమ్మల కట్ట వేయించుకోదలచింది, సౌనాలో ఒళ్లు కొట్టుకునే ఆ పచ్చి ఆకుల కట్ట. నీళ్లు పోయడానికి చెయ్యి చాచినప్పుడు తైస్తో దాన్ని చూడాలి. అప్పుడు అతని మొహం తను చూడాలి.

మే నెలలో సైమి మణికట్టు బెణికింది. "జూన్‌లో మంగళవారం ఖాళీ ఉంది సిర్కాగారూ. పండుగకి మూడు రోజుల ముందు. వస్తారా?" అని ఫోన్ చేసింది.

"రాకేం!" అంది సిర్కా. బొమ్మ పండుగనాటికి కొత్తగా మెరుస్తుందని పొంగిపోయింది కూడా.

సైమి ఇచ్చిన కాగితంలో ఏమేం చేయాలో చూసి అన్నీ చేసింది. వారం పాటు చేతికి క్రీము రాసింది. ఎండ తగలనివ్వలేదు. ముందురోజు బీరు ముట్టలేదు. ఆ ఉదయం గిన్నెడు జావ తాగి, వదులు చేతుల చొక్కా వేసుకుని, పళ్ల డాక్టరు దగ్గరికని చెప్పి బయల్దేరింది.

సూది మొదలుపెట్టాక సైమి, "నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"మా తోట దోమలు ఇంతకంటే గట్టిగా కుడతాయి. కానియ్యి."

రెండు గంటలకి ఆకులన్నీ చేతి మీద పరుచుకున్నాయి. సైమి పైన గాజులా కనిపించే పల్చటి పొర అంటించి, "ఇది నాలుగు రోజులు తీయకండి. తర్వాత గోరువెచ్చని నీళ్లతో, వాసన లేని సబ్బుతో కడిగి క్రీము పల్చగా రాయండి. పొట్టు లేస్తే పీకొద్దు. ఎండ, ఈత, సౌనా మూడు వారాలు కుదరవు" అంది.

బూటు లేసు కట్టుకుంటున్న సిర్కా వంగినదల్లా అలాగే ఉండిపోయింది.

"చివరిదేమిటన్నావ్?"

"సౌనా. జనవరిలో ఇచ్చిన కాగితంలో ఉంది కదండీ."

ఉంది నిజమే. ఆ కాగితాన్ని అల్మారా తలుపు లోపలివైపు చక్కగా పట్టేలా సగానికి మడిచి అంటించింది సిర్కా. ఆరు నెలలుగా పై సగమే చదువుతోంది.

"చెయ్యి బయట పెట్టి, ఒళ్లు లోపల పెడితే?"

"బయటున్నా చేతికి కూడా చెమట పడుతుందండీ!"

పండుగరోజు తైస్తో చెల్లెలు ఇర్మెలి, ఆమె భర్త కౌకో మధ్యాహ్నానికే దిగిపోయారు. వచ్చీ రాగానే, "వదినా, ఈ ఎండలో ఆ పొడుగు చేతులేంటి? ఏదన్నా పెళ్లికెళ్తున్నావా?" అంది ఇర్మెలి. ఇక దాచి లాభం లేదని సిర్కా కట్టెల కొట్టంలోకి వెళ్లి, తైస్తో ముందు చొక్కా చెయ్యి పైకి మడిచింది.

తైస్తో వంగి చూశాడు.

"పళ్ల డాక్టరు మోచేతి దాకా వెళ్లాడన్నమాట."

"నవ్వకు. నీ సౌనా కోసమే వేయించుకున్నా. ఇప్పుడు మూడు వారాలు అందులో అడుగు పెట్టకూడదట. మొదటి గరిటె ఇర్మెలినే పోయమను."

"అంచులు రంపంలా సరిగ్గా వచ్చాయి" అన్నాడతను, ఆకుల మీది నుంచి చూపు తిప్పకుండా. తర్వాత బయటికి వెళ్లిపోయాడు.

సిర్కా వంటింట్లో కూర్చుని కొత్త బంగాళాదుంపలు గీకింది. మామూలుగా పలచగా తీసే తొక్క ఆ రోజు మందంగా ఊడింది. సౌనా పొగ గొట్టం నుంచి పొగ లేచింది. తలుపు చప్పుడు, ఇర్మెలి నవ్వు వినపడ్డాయి. తను లేకుండానే మొదలెట్టేశారనుకుంది.

"సిర్కా! ఇలా రా!"

తైస్తో సౌనా బయట, తెరిచిన చిన్న కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో గడ్డి పోగుచేసే పంజా కర్ర. పంజా విప్పేసి, దాని చివర గరిటెను చేపల గాలం తాడుతో బిగించాడు. పక్కనే బకెట్‌లో నీళ్లు.

"అన్నయ్యా, త్వరగా కానియ్! ఇక్కడ ఎండు చేపలమైపోతున్నాం!" లోపలి నుంచి ఇర్మెలి అరిచింది.

"వేడి లోపల, చెయ్యి బయట" అన్నాడు తైస్తో. "పొయ్యి సూటిగా ఎదురుగానే ఉంది. ఇక పోసెయ్."

సిర్కా గరిటె ముంచి, కిటికీలోంచి కర్రను లోపలికి పంపింది. అంత పొడుగు కర్ర వణికింది. సగం నీళ్లు కౌకో పాదాల మీద పడ్డాయి.

"అబ్బా! మంచునీళ్లు!"

మిగతా సగం రాళ్ల మీద పడి భుస్సుమన్నాయి. లోపల ఇద్దరూ ఒక్కసారిగా కేకలు పెట్టారు.

"ఇది లెక్కలోకి వస్తుందా?" అని అడిగింది సిర్కా.

తైస్తో రాళ్ల వైపు చూడటం లేదు. చాచిన ఆమె ముంజేతినే చూస్తున్నాడు. "వస్తుంది" అన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వు లోపలికెళ్లు మరి."

"నేను కూడా ఆగుతాలే."

"మూడు వారాలా? నీ వల్ల కాదు."

"ఈ పూటకి."

ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు. సరస్సు వైపు నుంచి దోమలు గుంపుగా వచ్చాయి. తైస్తో తను కట్టి ఉంచిన బర్చ్ కట్ట తీసి, ఆమె కుడిచేతి మీదికి ఒక్కటి కూడా వాలకుండా మెల్లగా విసరసాగాడు.